ఆసుపత్రి సర్వర్ ఆపకుండా అప్‌డేట్ చేయడం ఎలా? (పోస్ట్‌గ్రెస్ 13 కూడా మార్చాలి)

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక చిన్న టౌన్, 60 పడకల ఆసుపత్రి, ఐటీ మనిషిని నేనొక్కడినే. ఓపీ టోకెన్లు, ల్యాబ్ రిపోర్టులు, ఫార్మసీ బిల్లింగ్ మొత్తం ఒకే అప్లికేషన్, మా సొంత సర్వర్‌లోనే నడుస్తుంది. జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసింది, వెనక డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13, అన్నీ డాకర్ కంపోజ్ కంటెయినర్లలో, ముందు వెబ్ సర్వర్‌గా ఎంజిన్ఎక్స్. రాసినవాళ్ళు కోడ్ మా చేతికి ఇచ్చేశారు కాబట్టి మార్పులు నేనే చేసుకుంటున్నా.

పోయిన నెల కొత్త వెర్షన్ ఎక్కిద్దామని రాత్రి 11కి మొదలుపెట్టా, పది నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నది 2 గంటల 40 నిమిషాలు పట్టింది. పేషెంట్ల టేబుల్‌లో ఒక కాలమ్ కలిపే మైగ్రేషన్ (టేబుళ్ళ రూపం మార్చే స్క్రిప్ట్) దగ్గర ఆగిపోయింది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. సరిగ్గా అప్పుడే క్యాజువాలిటీకి యాక్సిడెంట్ కేసులు రెండు వచ్చాయి. ల్యాబ్‌లో అమ్మాయి హిమోగ్లోబిన్, క్రియాటినిన్ విలువలు గ్లవ్స్ డబ్బా మూత మీద మార్కర్‌తో రాసి వార్డ్‌బాయ్‌కిచ్చి పైకి పంపింది. ఆ అట్టముక్క ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

పోస్ట్‌గ్రెస్ 13కి 2025 నవంబర్‌తో సపోర్ట్ అయిపోయింది, కాబట్టి 16కి వెళ్ళక తప్పదు. అప్లికేషన్ అప్‌డేట్లు కూడా నెలకొకటి ఉంటాయి. సర్వీస్ ఆగకుండా ఇవన్నీ ఎలా చేస్తున్నారో చెప్పండి, ఎంత వివరంగా చెప్తే అంత మంచిది.

పంటకాలువ

నా మాట వింటే నడుస్తున్నదాన్ని కదపకండి. ఆసుపత్రి లోపలి నెట్‌వర్క్‌లోనే కదా ఉండేది, బయటినుంచి ఎవరొస్తారు.

మానేరు

పంటకాలువ అన్నా, ఆ మాట మీద ఉండొద్దు. 2021 డిసెంబర్‌ల జావా ప్రోగ్రాంలు లాగ్ రాసుకునే లాగ్4జె లైబ్రరీల హోల్ బయటపడ్డప్పుడు మా ఆఫీస్‌ల కూడా లోపలి నెట్‌వర్కే కదా అన్నరు. అది లాగ్‌ల ఒక్క లైన్ పడితే చాలు, లోపలికొచ్చుడే. తీవ్రత పదికి పది ఇచ్చిన్రు దానికి. మాకు అప్పుడు రెండేళ్ళ సంది అప్‌డేట్ చెయ్యని సర్వర్లు ఉండె, ఒక్క ప్యాచ్ ఎక్కియ్యాలంటే మధ్యల ఉన్న వెర్షన్లన్నీ దాటుకుంట రావాల్సొచ్చింది, మూడు రాత్రులు నిద్ర లేదు. నెలనెలా చిన్నచిన్నగ చేసుకున్నోళ్ళు ఒక్క పూటల ఒడగొట్టుకున్నరు.

పాతటెర్మినల్

రాత్రిడ్యూటీ గారూ, ముందు ఒకటి విడదీసుకోండి. మీరు అప్‌డేట్ అని ఒకే మాట అంటున్నారు గానీ ఇందులో మూడు పనులున్నాయి: అప్లికేషన్ కోడ్ మార్చడం, డేటాబేస్‌లో టేబుళ్ళ రూపం మార్చడం, డేటాబేస్ ఇంజినే మార్చడం. మూడూ ఒకే రాత్రి పెట్టుకున్నామా, ఏదో ఒకటి ఆగినప్పుడు దేన్ని వెనక్కి తియ్యాలో తెలియదు. మూడింటికీ మూడు రోజులు పెట్టుకోండి, మధ్యలో కనీసం ఒక వారం ఉండాలి.

కొన్ని ప్రశ్నలు. సర్వర్లు ఎన్ని? డేటాబేస్ సైజు ఎంత? బ్యాకప్ ఎక్కడికి పోతోంది? ఆ బ్యాకప్‌ని ఎప్పుడైనా ఇంకో మెషిన్ మీద రీస్టోర్ చేసి చూశారా? నాలుగోది జవాబు లేదంటే మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

రాత్రిడ్యూటీ

సర్వర్ ఒకటే, 32 జీబీ ర్యామ్. డేటాబేస్ 41 జీబీ. రోజూ తెల్లవారుజామున 2కి పీజీ డంప్, అంటే డేటాబేస్ మొత్తం ఒక ఫైల్‌గా, తీసి అదే మెషిన్‌లో రెండో డిస్క్ మీద పెడుతుంది. రీస్టోర్ ఎప్పుడూ చేయలేదండీ.

నల్లమల

అయితే ఇంకేదీ ముట్టుకోవద్దు, మొదట రీస్టోర్. కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ వాళ్ళకి 2017 జనవరి 31న జరిగింది చదివి తీరాలి, వాళ్ళే అంతా బయటపెట్టి రాశారు. రెప్లికేషన్ (డేటా ఇంకో సర్వర్‌కి కాపీ అవుతూ ఉండడం) సరిచేస్తూ రాత్రిపూట పొరపాటున అసలు సర్వర్ మీదే డేటా డైరెక్టరీ తీసేశారు, 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలాక గాని ఆపలేకపోయారు. సరే బ్యాకప్ ఉందిగా అని చూస్తే లేదు! ఎందుకంటే డేటాబేస్ 9.6 నడుస్తోంది, బ్యాకప్ తీసే పీజీ డంప్ మాత్రం 9.2ది. వెర్షన్ కలవక రోజూ ఎర్రర్ కొట్టి ఆగిపోతోంది, ఫెయిలైందని చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరట్లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

మీరు కూడా ఇంజిన్ వెర్షన్ మార్చబోతున్నారు కాబట్టి ఇది అచ్చంగా మీ కథే. పక్కన పడున్న డెస్క్‌టాప్ ఏదైనా తీసుకుని నిన్నటి డంప్ ఎక్కించండి, ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసుకోండి, తర్వాత అప్లికేషన్‌ని దానికి కలిపి నిన్నటి ఒక పేషెంట్ రిపోర్ట్ తెరిచి చూడండి. టేబుళ్ళు వచ్చాయని సంతోషపడి ఆగిపోవద్దు, రిపోర్ట్ కంటికి కనపడాలి.

రాత్రిడ్యూటీ

రెండు రోజులు పట్టింది, ఆలస్యానికి ఏమనుకోవద్దు. డంప్ 52 నిమిషాల్లో ఎక్కింది. నల్లమల గారు చెప్పినట్టు ఒక రిపోర్ట్ తెరిచా, నంబర్లన్నీ ఉన్నాయి, కింద ఎక్స్‌రే బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. స్కాన్ ఫైళ్ళన్నీ వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి, డంప్‌లోకి రావు. అంటే నాలుగేళ్ళుగా ఎక్స్‌రేలకి బ్యాకప్ అనేదే లేదు. చేతులు చల్లబడిపోయాయి. ఆ రాత్రే ఆర్‌సింక్‌తో వేరే మెషిన్‌కి కాపీ పెట్టా, డంప్‌లు కూడా అక్కడికే పంపుతున్నా. ఆ ప్రశ్న అడిగినందుకు పాతటెర్మినల్ గారికి రుణపడి ఉంటా.

పాతటెర్మినల్

మంచి పని చేశారు. ఇక ఆ రాత్రి మీ మైగ్రేషన్ ఎందుకు ఆగిందో చెప్తా. కాలమ్ కలపడం అసలు పెద్ద పనే కాదు, పోస్ట్‌గ్రెస్ 11 నుంచి డిఫాల్ట్ విలువతో కలిపినా టేబుల్ మొత్తం తిరగరాయదు, క్షణంలో అయిపోతుంది. కానీ ఆ క్షణం కోసం టేబుల్ మీద పూర్తి తాళం కావాలి. అదే సమయానికి ఎవరో ఒక పెద్ద రిపోర్ట్ నడిపిస్తూ ఉంటారు, అది అయ్యేదాకా మీ ఆల్టర్ టేబుల్ (కాలమ్ కలిపే కమాండ్) క్యూలో నిలబడాలి. అసలు ప్రమాదం ఇక్కడుంది: మీ ఆల్టర్ క్యూలో నిలబడ్డ క్షణం నుంచి, దాని వెనక వచ్చిన ప్రతి చిన్న సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) కూడా దాని వెనకే ఆగాలి. టోకెన్ కౌంటర్, ల్యాబ్, ఫార్మసీ అన్నీ ఆగిపోయాయంటే కారణం అదే.

మందు సులభం. మైగ్రేషన్ నడిపే ముందు లాక్ టైమౌట్ 3 సెకన్లు పెట్టండి. మూడు సెకన్లలో తాళం దొరక్కపోతే అదే వదిలేస్తుంది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి, పదిసార్లు ఫెయిలైనా కౌంటర్ దగ్గర ఎవరికీ తెలియదు. వెతకడం వేగంగా అవ్వడానికి ఇండెక్స్ పెట్టాలంటే, టేబుల్‌ని ఆపకుండా పెట్టే కంకరెంట్లీ అనే మాట చేర్చి పెట్టండి, జాంగోలో దానికి విడిగా ఆపరేషన్ ఉంది, ఆ మైగ్రేషన్‌కి అటామిక్ ఫాల్స్ పెట్టాలి, అంటే అది ఒకే ట్రాన్సాక్షన్‌గా (అయితే మొత్తం, లేకపోతే ఏదీ కానట్టు) నడవకూడదు. మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

రాత్రిడ్యూటీ

నిజమే అండీ, ఇప్పుడు లాగ్ తీసి చూస్తే అకౌంట్స్ సెక్షన్‌లో నెలాఖరు రిపోర్ట్ స్క్రీన్ తెరిచి వదిలేసి ఇంటికెళ్ళిపోయారు, ట్రాన్సాక్షన్ అలాగే తెరిచి ఉంది.

పుస్తకాలగది

నేను డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని, మా దగ్గర కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఏటా మే, నవంబర్లలో పెద్ద వెర్షన్లు వస్తాయి. మే వెర్షన్ వచ్చాక ఒకటి రెండు చిన్న రిలీజ్‌లు చూసి, సెలవుల్లోనే నింపాదిగా ఎక్కిస్తాం. ఆ రెండు గంటలూ ఎవరైనా పుస్తకం తీసుకుంటే రిజిస్టర్‌లో రాసుకుని సాయంత్రం ఎంటర్ చేస్తాం. అసలు ఆగకుండా చేయాలనే పట్టుదల కంటే, ఆగినప్పుడు పని నడిచే కాగితం దారి ఒకటి సిద్ధంగా ఉంటే సరిపోదా అని నా సందేహం. ఆ అమ్మాయికి అట్టముక్క వెతుక్కోవలసి రావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది, అక్కడ అచ్చేసిన ల్యాబ్ ఫారాలు ఒక కట్ట ఉండాల్సింది.

రాత్రిడ్యూటీ

మేడం, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాకు సెలవులు లేవు గానీ ఫారాలు ఈరోజే ప్రింట్‌కిచ్చా, ల్యాబ్‌లో ఒక కట్ట, క్యాజువాలిటీలో ఒక కట్ట.

మానేరు

ఇగ కోడ్ మార్చుడు సంగతి నేను చెప్త. డాకర్ కంపోజ్ అప్ అని కొడితే ఏమైతదంటే పాత కంటెయినర్‌ని ఆపి కొత్తది లేపుతది, ఆ రెండింటి నడుమ పదో ఇరవయ్యో సెకన్లు ఎవరికీ పేజీ రాదు. ఒక్క సర్వర్ మీదనే నీలం, పచ్చ అని రెండు సర్వీసులు పెట్టుకో తమ్మీ, నీలం 8001 పోర్ట్, పచ్చ 8002. ఇప్పుడు నీలం నడుస్తున్నదనుకో, కొత్త వెర్షన్ పచ్చల లేపు. హెల్త్ చెక్ పేజీ ఒకటి రాసుకో, ఊకె ఓకే అని చెప్పేది కాదు, డేటాబేస్‌ల ఒక వరుస చదివి చెప్పాలె. అది మంచిగ జవాబిచ్చినంక ఎంజిన్ఎక్స్ కాన్ఫిగ్‌ల పోర్ట్ మార్చి, ముందు టెస్ట్ చేసి, అప్పుడు రీలోడ్. రీస్టార్ట్ కాదు, రీలోడ్. రీలోడ్ అంటే కొత్త వర్కర్లు కొత్త కాన్ఫిగ్‌తోని లేస్తయ్, పాత వర్కర్లు చేతుల ఉన్న పని ఒడగొట్టుకొని పోతయ్, ఎవ్వరి రిక్వెస్ట్ తెగదు. నీలం అట్లనే ఒక గంట ఉండనియ్యి. ఏమన్న తేడా కొడితే మళ్ళ పోర్ట్ మార్చి రీలోడ్ కొట్టు, రెండు సెకన్లల వెనక్కొస్తవ్.

మూడు చోట్ల దెబ్బ తింటరు చూస్కో. ఒకటి, డాకర్ స్టాప్ కొడితే ప్రాసెస్‌కి సిగ్‌టర్మ్ అని ఆగుమనే సిగ్నల్ పోతది, పది సెకన్లు చూసి చంపేస్తది. నీ కంటెయినర్ షెల్ స్క్రిప్ట్‌తోని లేస్తుంటే ఆ సిగ్నల్ లోపల జాంగోని నడిపే గూనికార్న్ దాక పోనే పోదు, స్క్రిప్ట్ ఆఖరి లైన్ ముంగట ఎగ్జెక్ అని పెట్టు. రెండు, పాత పేజీ తెరిచి ఉన్నోళ్ళ బ్రౌజర్ పాత సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే) ఫైల్ అడుగుతది, కాబట్టి పాత స్టాటిక్ ఫైళ్ళు ఆ రోజే తీసెయ్యకు. మూడు, అన్నిటికన్న పెద్దది, సెలరీ బీట్, టైముకు టైముకు పనులు మొదలుపెట్టేది. నీలంల ఒకటి పచ్చల ఒకటి నడిచిందంటే పేషెంట్లకు ఎస్సెమ్మెస్‌లు రెండు రెండు పోతయ్. మా దగ్గర ఒకసారి అట్లనే అయింది, మీ రిపోర్ట్ వచ్చింది అని ఒక ముసలాయనకు రెండుసార్లు పోతే, రెండో రిపోర్ట్ ఏందో అని పాపం భయపడి 30 కిలోమీటర్లు బస్సుల వచ్చిండు. బీట్‌ని నీలం పచ్చలకు బయట, ఒక్కటే పెట్టు.

సుదూరం

డల్లాస్ నుంచి రాస్తున్నా, మాది గుడివాడ. మానేరు అన్న చెప్పింది బంగారం, కానీ దాని లోపల ఒక షరతు ఉంది, అది బయటకి చెప్పాలి. ఆ గంటసేపు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్ మీద నడుస్తాయి. అంటే డేటాబేస్ ఇద్దరికీ అర్థమయ్యే రూపంలో ఉండాలి. వెనక్కి రావడం కుదరాలన్నా అంతే. ఈ విషయం ఒక్కటి కుదిరితే మిగతాదంతా పోర్ట్ మార్చడమే.

జాంగోలో ఇక్కడే చాలామంది పడిపోతారు. కొత్త ఫీల్డ్‌కి డిఫాల్ట్ పెట్టాం కదా, పాత కోడ్‌కి ఇబ్బంది లేదులే అనుకుంటారు. జాంగో ఆ డిఫాల్ట్‌ని కాలమ్ కలిపేటప్పుడు వాడుకుని తర్వాత డేటాబేస్ నుంచి తీసేస్తుంది, అది పైథాన్‌లోనే ఉంటుంది. పాత కోడ్‌కి ఆ కాలమ్ ఉందనే తెలియదు, అది లేకుండా ఇన్సర్ట్ చేస్తుంది, కాలమ్ ఖాళీ ఉండకూడదు అని డేటాబేస్ తిప్పికొడుతుంది, కౌంటర్‌లో టోకెన్ రాదు. జాంగో 5.0 నుంచి డీబీ డిఫాల్ట్ అని వచ్చింది, అది నిజంగా డేటాబేస్‌లోనే ఉంటుంది. అంతకన్నా పాతదైతే మొదట నల్ (ఖాళీ విలువ) ఒప్పుకునేలా కలపండి.

కాలమ్ తీసేయడం ఇంకా కష్టం, ఎందుకంటే జాంగో సెలెక్ట్‌లో కాలమ్‌లన్నీ పేరుపేరునా అడుగుతుంది, మీరు తీసేసిన సెకనులోనే పాత కోడ్ పడిపోతుంది. అందుకే ముందు కోడ్ నుంచి మాత్రమే తీసేసే రిలీజ్ ఒకటి, ఆ తర్వాత వారానికి డేటాబేస్ నుంచి తీసేది ఇంకోటి. ఆ వారంలో కొత్త కోడ్ ఆ కాలమ్ నింపదు కాబట్టి అది నల్ ఒప్పుకునేలా ముందే మార్చి ఉండాలి. జాంగోలో స్టేట్‌నీ (జాంగో తన లెక్కలో ఉంచుకునే రూపం) డేటాబేస్‌నీ విడదీసే ఆపరేషన్ ఉంది, సెపరేట్ డేటాబేస్ అండ్ స్టేట్.

ఉదాహరణకి మీ పేషెంట్ ఫోన్ నంబర్ కాలమ్‌ని విడి టేబుల్‌లోకి మార్చాలనుకోండి. మొదటి రిలీజ్‌లో కొత్త టేబుల్ పెట్టడం వరకే. రెండో దాంట్లో కోడ్ రెండు చోట్లా రాస్తుంది, చదివేది మాత్రం పాతదే. అప్పుడు పాత వరుసల్ని ఐదేసి వేల చొప్పున, మధ్యలో కొంచెం ఊపిరి తీసుకుంటూ కాపీ చేయాలి. లెక్కలు సరిపోయాక మూడో రిలీజ్‌లో చదవడం కొత్తదాని నుంచి. పాత కాలమ్ తీసేయడం నెల తర్వాత. నాలుగు రిలీజ్‌లా అనిపిస్తుంది, కానీ ఏ ఒక్కదాంట్లోనూ రాత్రి మేలుకోనక్కర్లేదు.

2012 ఆగస్ట్ 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ కంపెనీ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించింది. ఎప్పుడో వాడకం మానేసిన ఫీచర్ తాలూకు ఫ్లాగ్‌నే (ఆన్, ఆఫ్ గుర్తు) కొత్త పనికి వాడుకున్నారు, ఎనిమిదో సర్వర్‌కి ఆ ఫ్లాగ్ పాత అర్థంలోనే తెలుసు. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అందుకే నేను పాత పేరుని కొత్త అర్థంలో ఎప్పుడూ వాడను, కాలమ్ అయినా, స్టేటస్ కోడ్ అయినా.

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు సారీ, ఇంట్లో ఫైళ్ళు దాచుకోడానికి నెక్స్ట్‌క్లౌడ్ పెట్టుకున్నా, దానికీ ఇవన్నీ పనిచేస్తాయా?

నల్లమల

తమ్ముడూ, ఇంట్లో వాడుకునేదానికి పది నిమిషాలు మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి చేసుకో, ఏం కాదు. కానీ పెద్ద వెర్షన్లు ఒక్కొక్కటిగానే ఎక్కాలి, మధ్యలోది దాటేసి దూకడం నెక్స్ట్‌క్లౌడ్ ఒప్పుకోదు. డాకర్ ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని మాత్రం రాయకు, వెర్షన్ నంబర్ రాయి. పోస్ట్‌గ్రెస్‌కి లేటెస్ట్ అని రాసి పుల్ కొట్టినవాళ్ళు, పాత డేటా డైరెక్టరీ కొత్త వెర్షన్‌కి పనికిరాదు అనే ఎర్రర్‌తో ప్రతి ఏడాదీ ఇక్కడికే వస్తారు. డేటా ఎక్కడికీ పోదులే, పాత నంబర్ రాస్తే మళ్ళీ లేస్తుంది, కానీ ఆ అరగంట గుండె జారిపోతుంది.

రాత్రిడ్యూటీ

నీలం పచ్చ పెట్టుకున్నా, గత రెండు వారాల్లో మూడు రిలీజ్‌లు పగటిపూటే, ఓపీ నడుస్తుండగానే ఎక్కించా. ఇక పోస్ట్‌గ్రెస్ 16 మిగిలింది. ఉన్న డేటానే కొత్త వెర్షన్‌కి మార్చే పీజీ అప్‌గ్రేడ్ వాడమంటారా, మార్పుల్ని ఇంకో డేటాబేస్‌కి పారించే లాజికల్ రెప్లికేషనా?

పాతటెర్మినల్

41 జీబీకి పీజీ అప్‌గ్రేడ్ లింక్ పద్ధతిలో చేస్తే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, నిజం చెప్పాలంటే చాలామందికి అదే చాలు. కానీ లింక్‌లో పాత, కొత్త డైరెక్టరీలు ఒకే ఫైళ్ళు పంచుకుంటాయి, కొత్త సర్వర్ ఒక్కసారి లేచిందంటే పాతదానికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. ఆసుపత్రికి నేనైతే అలా చేయను. లాజికల్ రెప్లికేషన్‌లో 13 నడుస్తుండగానే పక్కన 16 లేపి, డేటా అంతా అటు పారనిచ్చి, రెండూ సమానం అయ్యాక మారతాం.

ముందు జాగ్రత్తలు. వాల్ (పోస్ట్‌గ్రెస్ మార్పులన్నీ రాసుకునే లాగ్) లెవెల్ లాజికల్ అని మార్చాలి, దానికి 13ని ఒకసారి రీస్టార్ట్ చేయాలి. అందుకని మొదట పీజీబౌన్సర్‌ని (కనెక్షన్లు పంచే టూల్) అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో పెట్టండి, ట్రాన్సాక్షన్ మోడ్‌లో. పాజ్ కొడితే వచ్చిన క్వెరీలను తిప్పికొట్టకుండా పట్టి ఉంచుతుంది, రీస్టార్ట్ అయ్యాక రెజ్యూమ్ కొడితే వదులుతుంది, కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి పేజీ కాస్త నిదానంగా వచ్చినట్టు ఉంటుంది అంతే.

ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ (ఒక్కో వరుసనీ విడిగా గుర్తించేది) ఉందో లేదో చూడండి, లేనిదాని మీద అప్‌డేట్లు, డిలీట్లు ఎర్రర్ కొడతాయి. టేబుళ్ళ రూపం దానంతట అది రాదు, స్కీమా డంప్ (డేటా లేకుండా రూపం మాత్రమే) ముందే ఎక్కించాలి, ఆ రోజుల్లో మైగ్రేషన్లు పూర్తిగా బంద్. 16 వైపు ఆగిపోతే 13 వైపు స్లాట్ (16 ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునేది) వాల్ ఫైళ్ళను దాచిపెడుతూనే ఉంటుంది, డిస్క్ నిండిపోతుంది, కాబట్టి డిస్క్ మీద కన్నేసి ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, సీక్వెన్స్‌లు (కొత్త వరుసలకి నంబర్లు ఇచ్చేవి) రావు. అవి అటు ఒకటి దగ్గరే ఉంటాయి, మారగానే మొదటి ఇన్సర్ట్‌కే డూప్లికేట్ కీ అంటుంది. పాజ్‌లో ఉండగానే 13లో ఉన్న విలువకి కొంత కలిపి 16లో సెట్ చేసే స్క్రిప్ట్ సిద్ధంగా ఉంచుకోండి.

సుదూరం

ఇంకొకటి, రెజ్యూమ్ కొట్టే ముందే ముందువైపు (13 నుంచి 16కి) సబ్‌స్క్రిప్షన్, అంటే డేటా అందుకునే ఏర్పాటు, తీసేసి, తిరుగుదారి పెట్టుకోండి: 16 నుంచి 13కి, కాపీ డేటా ఫాల్స్‌తో, అంటే ఉన్న డేటాని మళ్ళీ కాపీ చేయకుండా. రెండు రోజుల తర్వాత 16లో ఏదైనా తేడా కనిపించినా ఆ రెండు రోజుల డేటాతో సహా 13కి రావచ్చు. ఇదంతా పాత డెస్క్‌టాప్ మీద రెండుసార్లు రిహార్సల్ చేసి అసలుదాని జోలికి వెళ్ళండి, కమాండ్లు టైప్ చేయొద్దు, ఫైల్‌లో రాసి అందులోంచే నడపండి.

రాత్రిడ్యూటీ

అయిపోయింది! నిన్న ఆదివారం తెల్లవారి 5:10కి. రిహార్సల్ మూడుసార్లు చేశా. మొదటిసారి ఒక పాత లాగ్ టేబుల్‌కి ప్రైమరీ కీ లేదని తెలిసింది, రెండోసారి సీక్వెన్స్ స్క్రిప్ట్‌లో పెద్దక్షరాల పేరున్న టేబుల్ ఒకటి తప్పిపోయింది, మూడోసారి శుభ్రంగా వచ్చింది. అసలు రోజు డేటా అటు చేరడానికి గంటా పావు పట్టింది, అప్పటివరకూ ఎవరికీ ఏమీ తెలియదు. పాజ్ నుంచి రెజ్యూమ్ వరకు 19 సెకన్లు. నేను ల్యాబ్‌లోనే, ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని లాప్‌టాప్ పెట్టుకున్నా. పొటాషియం విలువ ఎంటర్ చేసి సేవ్ నొక్కింది, చక్రం తిరిగింది తిరిగింది, సేవ్ అయింది. ఆ వరుస 16లోనే పడింది, వెంటనే చూశా. ఫారాల కట్ట పక్కనే ఉంది, దారం విప్పలేదు. 13ని ఇంకో వారం ఉంచుతా, తిరుగుదారి నడుస్తోంది.

మానేరు

సూపర్ తమ్మీ! మనసుకు మస్తు హాయిగున్నది చదివితే.

పుస్తకాలగది

చాలా సంతోషం నాయనా. ఒక సందేహం, సీక్వెన్స్‌లకి కొంత కలిపి పెట్టారన్నారు కదా, మరి ఫార్మసీ బిల్లు నంబర్లు దూకలేదా? జీఎస్టీ బిల్లుల్లో నంబర్లు వరుసగా ఉండాలంటారు.

రాత్రిడ్యూటీ

మంచి ప్రశ్న మేడం. వెయ్యి కలిపా, కానీ బిల్లు నంబర్ సీక్వెన్స్ నుంచి రాదు, బిల్లు నంబర్ల లెక్క కోసం విడిగా ఒక టేబుల్ ఉంది, అందులో ఒక్కో సిరీస్‌కి ఒక్కో వరుస, బిల్లుతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో పెరుగుతుంది. అది మామూలు టేబుల్ కాబట్టి రెప్లికేషన్‌లో ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది. పొద్దున్న ఫార్మసీకి వెళ్ళి చూశా, రాత్రి చివరి బిల్లు 8,412, పొద్దున్న మొదటిది 8,413.

పాతటెర్మినల్

అలాగే ఉండాలి. బిల్లు మధ్యలో ట్రాన్సాక్షన్ వెనక్కి పోయినా సీక్వెన్స్ నంబర్ కాలిపోతుంది కాబట్టి దాన్ని వాడకపోవడమే సరైనది. ఇక్కడ ఇంకెవరైనా బిల్లు నంబర్‌కి సీక్వెన్స్ వాడుతుంటే ఇంజిన్ మార్చే ముందే దాన్ని మార్చుకోండి. రాత్రిడ్యూటీ గారూ, 13 తీసేసే రోజు ముందు స్లాట్, సబ్‌స్క్రిప్షన్ రెండూ తీసేయడం మర్చిపోకండి, లేకపోతే ఈసారి 16 వైపు డిస్క్ నిండుతుంది.

రాత్రిడ్యూటీ

రాసుకున్నానండీ, కమాండ్ల ఫైల్‌లో చివరి లైన్లుగా పెట్టా. వచ్చే ఆదివారం.